ఏరియలు కట్టిన పెద్దలు

వయసు మీరినవారు ఇంటి యంత్రముల విషయమున ఒకరికొకరు తోడుపడుట చేతిఫోనుతో నిన్నగాక మొన్న పుట్టిన పరిపాటియని పలువురు తలంచుచున్నారు. కాని తెలుగునాట ఈ ఆచారము రేడియో పెట్టె నట్టింట అడుగిడిన నాటినుండియు నడచి వచ్చుచున్నది. యంత్రమును అమ్మినవాడు పట్టణముననే ఉండిపోగా, చెడిన దానిని బాగుచేయువాడును అచ్చటనే ఉండగా, ఊరిలో దానిని నిత్యము పలికించి నిలిపినవారిలో ఉద్యోగ విరమణానంతరము ఇంటిపట్టున నున్న పెద్దలు ముఖ్యులని నా నిశ్చితాభిప్రాయము.

1924లో చెన్నపట్టణమున కొందరు ఔత్సాహికులు నెలకొల్పిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు మూడేండ్లకే ధనాభావముచే మూతపడినను, 1930లో ఆ నగర కార్పొరేషను ప్రసారభారమును స్వీకరించుటయు, 1938 జూన్ 16న ఆలిండియా రేడియో అచ్చట తన కేంద్రమును తెరచుటయు జరిగినవి. హైదరాబాదు రాజ్యమున 1935 నాటికే దక్కన్ రేడియో పలుకుచుండెను. కృష్ణా గోదావరీ మండలముల వారికి మాత్రము 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలయువరకు తెలుగు మాట వినవలెనన్న చాలవరకు దూరపు మద్రాసే దిక్కు. అంతదూరమునుండి క్షీణించి వచ్చు తరంగమును పట్టుకొనుటకు ఎత్తైన ఏరియలు కావలెను. ఆ ఏరియలు కట్టుటలోనే ఈ పరస్పర సహాయమునకు శ్రీకారము చుట్టబడినది.

ఇంటి కప్పుపై రెండు వెదురు గడలను నిలిపి, వాని నడుమ రాగి తీగను బిగించి, ఆ తీగ గడలను తాకకుండ ఇరుకొనలయందును పింగాణీ గుండ్లను అమర్చి, మరియొక తీగను కిటికీగుండ దింపి సెట్టు వెనుక తగిలించవలెను. ఎర్తు తీగను ఇనుపకడ్డీకి చుట్టి, నూతి చప్టా చెంతనో తులసికోట చెంతనో పాతి, నేల తడి ఆరకుండ నీరు పోయుచుండవలెను; తడి ఆరినచో గరగర హెచ్చి మాట మరుగుపడును. ఉరుము వినవచ్చినంతనే ఏరియలును సెట్టునుండి విడదీసి ఎర్తుకు కలుపవలెను. ఈ మర్మములను ఇరుగుపొరుగులకు బోధించుటకు, తంతి కార్యాలయముననో రైల్వే స్టేషనులోనో జీవితమంతయు తంతిమీట నొక్కి పింఛనుపై ఇల్లు చేరినవారికంటె తగినవారెవ్వరు? ఒంటి తీగపై సాగిన తంతివార్తకు విద్యుత్తు మరలిపోవు దారి భూమియే గనుక, బ్యాటరీయు, లైనును, ఎర్తును వారికి చిరపరిచితములు. అట్టి పెద్ద యొకడు వీధిలో నున్నచో, సాయంకాలము అరుగుమీద కుశలప్రశ్నకు ముందే, "బావగారూ, ఎర్తుకు నీళ్ళు పోయించారా?" అను ప్రశ్న వెలువడెడిది.

వాల్వుల సెట్టు మీట త్రిప్పినంతనే పలుకదు. లోపలి వాల్వులు కాగి ఎఱ్ఱబడువరకు నిరీక్షింపవలెను. ఈ సంగతి తెలియక, పలుకలేదని భ్రమించి మీటను పలుమారులు త్రిప్పి సెట్టునకు చేటు తెచ్చుకొన్నవారు లేకపోలేదు. షార్టువేవులో స్టేషను పట్టుట మరింత సున్నితమైన విద్య. ముల్లు వెంట్రుకవాసి జరిగినచో మరియొక దేశపు భాష వినవచ్చును. ఇచ్చట తెలిసిన పెద్దమనిషి చేసిన పని గమనింపదగినది. ఆయన తాను త్రిప్పడు. ప్రక్కన కూర్చుండి సెట్టు యజమానిచేతనే త్రిప్పించును. ఇంటిలోని యువకుడైనచో రెండు క్షణములలో స్టేషను పట్టి ఇచ్చి తన దారిని పోవును గాని, తాతగారికి విద్య అబ్బదు. సమవయస్కుడు తానే ఆ చిక్కును ఇటీవలనే దాటి వచ్చినవాడగుటచేత, ఎదుటివాని వేలు ఎచ్చట తడబడునో ముందుగనే ఎరుగును. అడుగువానికి సిగ్గులేదు, చెప్పువానికి తొందరలేదు. సాంకేతిక విద్యావ్యాప్తిని గూర్చి మాటలాడువారు ఈ అరుగుల మీది బోధనను లెక్కలోనికి తీసికొనకపోవుట నాకు మిక్కిలి ఖేదమును కలిగించుచున్నది.

విద్యుత్తు రాని గ్రామములలో సెట్లు బరువైన ఎండుబ్యాటరీలపై నడచుచుండెను. అవి ఖరీదైనవి, పట్టణమునుండి తేవలసినవి. కావున వార్తలవేళ మాత్రమే సెట్టు పెట్టి తక్షణమే కట్టివేయవలెనను నియమము ఏర్పడినది. పిమ్మట ట్రాన్సిస్టరులు వచ్చిన కాలమున నీరసించిన బ్యాటరీలను మధ్యాహ్నపు టెండలో పెట్టి మరునాటికి కొంత సత్తువ తెప్పించు ఉపాయమును ఇంటింటికి ప్రాకించినవారును పెద్దలే. ఏటేట తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము చెల్లింపవలసి యుండుటచే, గడువు దాటకుండ జ్ఞాపకము చేయుటయు, నడువలేని మిత్రుని లైసెన్సు పుస్తకమును తామే కొనిపోయి రుసుము కట్టివచ్చుటయు ఈ స్నేహములో భాగములే అయినవి.

ఇంత శ్రమయు దేనికొరకనగా, ఢిల్లీనుండి వచ్చు తెలుగు వార్తలకొరకు. అనంతర కాలమున చలనచిత్ర నటుడుగా ప్రసిద్ధికెక్కిన కొంగర జగ్గయ్య ఆ వార్తలను చదివినవారిలో ఒకడు. తరువాత విజయవాడ కేంద్రమునుండి ఉషశ్రీ రామాయణ భారతములను వినిపించిన దినములలో, చూపు మందగించి గ్రంథము చదువలేనివారికి ఆ పెట్టె పలుకకుండుట ఎంత వెలితియో ఊహించుకొనవచ్చును.

ఈ కథలో వృద్ధస్త్రీల భాగము వేరొక యంత్రమువద్ద ప్రారంభమగును. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దీపము పథకము క్రింద పేద స్త్రీలకు వంటగ్యాసు కనెక్షన్లను ఇచ్చినప్పుడు, కట్టెలపొయ్యి యెదుట అరువదేండ్లు గడపిన అవ్వలకు ఆ గ్యాసు బండ భయంకరమై తోచెను. కొందరు దానిని మూలనుంచి తిరిగి పొయ్యినే ఊదుకొనిరి. వారి భయమును పోగొట్టినది కనెక్షను ఇచ్చినవారి ప్రదర్శనకంటె, ముందుగా ధైర్యము చేసిన పొరుగు అవ్వ మాటయే. రెగ్యులేటరు సరిగా కూర్చున్నప్పుడు వినవచ్చు చప్పుడును, వాచరు ఉన్నదో లేదో చూచుటయు, ట్యూబుపై సబ్బు నురుగు రాచి బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నదని గుర్తించుటయు ఆమె చేతిలో చేయివేసి నేర్పినది. "ముందు అగ్గిపుల్ల గీయి, ఆ తరువాతే మీట తిప్పు వదినా" అను ఒక్కమాటలో ఎంత రక్షణ ఇమిడియున్నది!

దూరదర్శనమును గూర్చి విస్తరించను. 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రము ప్రారంభమైన పిదప డాబాలపై లేచిన యాంటెన్నాలను త్రిప్పుట కాళ్ళలో సత్తువగలవారి పని. పెద్దలు క్రిందనుండి "వచ్చింది, పోయింది" అని కేకవేయుటకు పరిమితమైరి.

వారి ప్రాముఖ్యము మరల ప్రకాశించినది పింఛనుదారుల సంఘములలో. 1982 డిసెంబరు 17న పింఛను విషయమైన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన దినమును ఈ సంఘములు ఏటేట పింఛనుదారుల దినముగా జరుపుకొనుచున్నవి. అట్టి సంఘములకు 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జీవన్ ప్రమాణ్ క్రొత్త పనిని తెచ్చిపెట్టినది. తాను బ్రతికియున్నానని నవంబరులో బ్యాంకునకు పోయి నిరూపించుకొనవలసిన పింఛనుదారునకు వేలిముద్రతో ఆ జీవన ధ్రువపత్రమును పంపు వీలు కలిగెను గాని, పనిపాటలచేతను వయసుచేతను రేఖలు అరిగిన వేళ్ళను యంత్రము గుర్తింపనొల్లదు. చేతులు కడిగి తుడువుమనియు, ఒక వేలు కానిచో మరియొక వేలు పెట్టుమనియు, అదియు కానిచో కనుపాపతో ప్రయత్నింపుమనియు సంఘపు గదిలో చెప్పుచుండువాడు ఏ విశ్రాంత గుమాస్తాయో, ఏ విశ్రాంత ఉపాధ్యాయుడో అయియుండును. 2021 నవంబరులో ముఖమును చూపి ధ్రువీకరించు పద్ధతి వచ్చినప్పుడు, వెలుతురునకు ఎదురుగా కూర్చుండుమని, రెప్ప వాల్చి ఎత్తుమని, ఆధారు సంఖ్యను పింఛను ఉత్తర్వు సంఖ్యతో తారుమారు చేయవద్దని బోధించువారును వారే.

ఈ పద్ధతియందు ఒక విశేషము కలదు. ఫోను గలవాడు మొదట తన ముఖముతో తానే ఆపరేటరుగా నమోదు కావచ్చును. పిమ్మట అదే ఫోనుతో ఎందరి పత్రములనైనను పంపవచ్చును. పూర్వము మంచము పట్టిన పింఛనుదారుని ఇంటికి బ్యాంకు ఉద్యోగి ఎప్పుడు వచ్చునాయని ఎదురుచూడవలసి యుండెను. ఇప్పుడు సహోద్యోగియైన మిత్రుడే ఫోను సంచిలో వేసికొని, బస్సెక్కి వచ్చి, తలక్రింద మరియొక దిండు ఎత్తుపెట్టి, పని ముగించి, కాఫీ త్రాగి పోవుచున్నాడు.