అరికాళ్ళ కింద మంటలు

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) రాసిన తెలుగు కథ. బాలవితంతువు బతుకు దీనికి వస్తువు.

ఆమె ఉండేది పుట్టింట్లోనే. అయినా ఒక పని ముగిసేలోగా ఇంకొకరి కేక, కూర్చోబోతే ఎత్తిపొడుపు. కన్నవాళ్ళే జీతం లేని పనిమనిషిని చేస్తారు. శ్రీపాద ఎక్కడా ఉపన్యాసం ఇవ్వడు, సంభాషణలతోనే ఉక్కిరిబిక్కిరి చేస్తాడు. ఆ మాటతీరు అచ్చమైన గోదావరి ఇళ్ళది.

చివరికి ఆమె గడప దాటి వితంతు వివాహాలు జరిపించిన సంస్కర్త కందుకూరి వీరేశలింగం తోట దారి పడుతుంది. ఆ తోట కల్పన కాదు. గోదావరి గట్టునున్న రాజమండ్రిలోది. ఆ ఊళ్ళోనే కందుకూరి 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించాడు.

ఉద్ధరించడానికి ఇంటికి ఎవరూ రారు. ఆమే బయల్దేరుతుంది. కథకు బలం అక్కడే.