పాయింటుకూ పాయింటుకూ నడుమ

టెన్నిస్ విజేతల మనోస్థైర్యాన్ని పుట్టుకతో అబ్బిన గుణంగా వర్ణించడం పరిపాటి. కాని ఆ ఆట చరిత్రను దాని నియమాల మార్పులతో కలిపి పరిశీలిస్తే, ఆ గుణాన్ని తీర్చిదిద్దినది చాలావరకు ఆట నిర్మాణమేనని తెలుస్తుంది. ఫుట్‌బాల్‌లో ఆధిక్యం సంపాదించిన జట్టు గడువు ముగిసేదాకా కాచుకుంటే చాలు గాని, టెన్నిస్‌లో ఆఖరి పాయింటును సైతం గెలిచి తీరవలసిందే కనుక, ఓటమి అంచున ఉన్నవాడికి దారి మూసుకుపోదు, ముందంజలో ఉన్నవాడికి నిశ్చింత దొరకదు. పైగా వ్యక్తిగత పోటీలలో ఆట సాగుతుండగా కోచ్ సలహా ఇవ్వడం దీర్ఘకాలం నిషిద్ధమై ఉండడంతో, తడబాటును దిద్దుకొనే భారమంతా ఆటగాడొక్కడిపైనే పడేది.

ఈ పరీక్ష ఎంత సుదీర్ఘంగా సాగగలదో 1969 వింబుల్డన్ తొలి రౌండు చూపింది. సెట్ గెలవడానికి రెండు గేముల ఆధిక్యం తప్పనిసరి కావడమే గాక, గేముల సంఖ్యకు పరిమితి కూడా లేని ఆ రోజుల్లో, 41 ఏళ్ల పాంచో గొంజాలెస్ 25 ఏళ్ల చార్లీ పసరెల్‌తో 112 గేములు, 5 గంటల 12 నిమిషాల పాటు పోరాడాడు. తొలి సెట్‌ను 22–24తో కోల్పోయి, చీకటి పడుతున్నా ఆట ఆపలేదన్న ఆగ్రహంతో రెండో సెట్‌ను దాదాపు వదిలేసిన గొంజాలెస్‌ను ప్రేక్షకులు గేలి చేశారు; మరునాడు అదే మనిషి చివరి సెట్‌లో రెండుసార్లు 0–40తో వెనుకబడి కూడా, ప్రత్యర్థి ఒక్క పాయింటు గెలిస్తే ఆట ముగిసిపోయే మ్యాచ్ పాయింట్లను మొత్తం ఏడింటిని కాచుకొని, 11–9తో నెగ్గాడు. కోపిష్టిగా పేరుపడ్డవాడు ఇంత నిబ్బరం చూపాడంటే, మనోస్థైర్యాన్ని ఉద్వేగరాహిత్యంగా భావించడం సరికాదనే చెప్పాలి.

అంతులేని సెట్లకు హద్దు గీయాలని అమెరికన్ జేమ్స్ వాన్ అలెన్ చేసిన కృషి ఫలితంగా, సమాన స్థితికి చేరిన సెట్‌ను కొద్ది పాయింట్లతో తేల్చే టైబ్రేక్ పద్ధతి 1970లో యు.ఎస్. ఓపెన్‌లోకి వచ్చింది. వింబుల్డన్ దానిని మరుసటి ఏడాది, ఆఖరి సెట్‌ను మినహాయించి, 8–8 వద్ద అమలు చేసి, 1979లో 6–6కు మార్చింది. ఓర్పును పరీక్షించిన ఆట ఇప్పుడు అదే ఒత్తిడిని కొన్ని నిమిషాలలోకి కుదించింది.

ఆ కుదింపు తీవ్రత 1980 జులై 5న బ్యోర్న్ బోర్గ్, జాన్ మెకన్రోల వింబుల్డన్ ఫైనల్‌లో బయటపడింది. నాలుగో సెట్‌లో 5–4 వద్ద రెండు మ్యాచ్ పాయింట్లను చేజార్చుకున్న బోర్గ్, తరువాతి టైబ్రేక్‌లో మరో ఐదింటిని పోగొట్టుకొని, 34 పాయింట్ల పోరు అనంతరం 16–18తో సెట్‌నే కోల్పోయాడు. ఓడిపోతానేమోనన్న భయం ఆనాడే మొదటిసారి కలిగిందని ఆయన తరువాతి కాలంలో చెప్పాడు. ఐదో సెట్ తొలి రెండు పాయింట్లూ చేజారడంతో ఆ భయం నిజమయ్యేలా కనిపించింది. అయితే అక్కడి నుంచి తన సర్వీసులో వరుసగా 19 పాయింట్లు గెలిచి, 8–6తో వరుసగా ఐదో టైటిల్ సాధించాడు. బాల్యంలో రాకెట్ విసిరి క్లబ్బు నుంచి కొన్నాళ్లు సస్పెండయిన ఈ స్వీడన్ ఆటగాడి ప్రశాంతత సాధనతో అలవడినదే. భయం కలిగాక కూడా దానిని తరువాతి పాయింటు దరి చేరనీయకపోవడంలోనే ఆయన ఘనత ఉంది.

ఇంతకాలం స్వభావంగా చూసిన ఈ సామర్థ్యాన్ని 1980లలో అమెరికన్ మనస్తత్వవేత్త జిమ్ లోహర్ అభ్యసించదగిన విద్యగా మలిచాడు. ఆట సాగే క్షణాలకంటే పాయింట్ల నడుమ విరామాన్నే నిశితంగా గమనించిన ఆయన, ముందుగా నిబ్బరమైన నడకను నిలుపుకోవడం, తరువాత శ్వాసతో ఒంటిని సడలించడం, పిదప వ్యూహం ఎంచుకోవడం, చివరకు బంతిని నేలకు కొట్టడం వంటి అలవాటైన చర్యతో సర్వీసుకు సిద్ధం కావడం అనే క్రమాన్ని బోధించాడు. ఆ విరామం కూడా నేడు ఆటగాడి ఇష్టానికి వదిలేసినది కాదు: 2018 నుంచి యు.ఎస్. ఓపెన్ ప్రధాన పోటీలలో 25 సెకన్ల గడియారం దానిని కొలుస్తుండగా, 2025 నుంచి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమావళి కోర్టు పక్కనుంచి కోచ్ సలహాకు అవకాశమిచ్చింది. గొంజాలెస్, బోర్గ్‌లు ఒంటరిగా మోసిన భారంలో కొంత ఈ సవరణతో ఇతరుల భుజాలపైకి మారింది.