బరువుల వ్యాయామం: గుండె, రక్తప్రసరణ

కండరాల చేత బరువు మోయించి వాటి బలం పెంచే సాధన బరువుల వ్యాయామం. ఆ బరువు జిమ్‌లోని బార్‌బెల్ కావచ్చు, దండీలు, బస్కీలు తీసేవారి సొంత ఒళ్లే కావచ్చు. గుండెకు మంచిది నడక, పరుగేనని, బరువులు కండలు పెంచుకోవడానికేనని చాలాకాలం అనుకున్నారు. అయితే 2000లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బరువుల వ్యాయామాన్ని ఆరోగ్యవంతులతోపాటు గుండెజబ్బు ఉండి పరిస్థితి నిలకడగా ఉన్నవారికీ సిఫారసు చేసింది.

పరుగెత్తేటప్పుడు కాళ్లలోని రక్తనాళాలు విప్పారి రక్తానికి దారి ఇస్తాయి. పెద్ద బరువు ఎత్తినప్పుడు జరిగేది వేరు. బిగుసుకున్న కండరం తనలోని నాళాలనే నొక్కేస్తుంది, గుండె ఆ అడ్డును తోసుకుని రక్తం పంపాలి. దానికితోడు ఎత్తేవారు ఊపిరి బిగబడతారు. ఛాతీలో పెరిగిన ఒత్తిడి ధమనుల్లోని ఒత్తిడికి జతపడుతుంది. 1985లో కెనడా పరిశోధకుడు మెక్‌డూగల్ బృందం బాడీబిల్డర్ల చేతి ధమనిలోకి సన్నని గొట్టం పంపి దీన్ని కొలిచింది. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేస్తున్నప్పుడు వారి బీపీ సగటున 320/250కి చేరింది. వింటేనే గుండె గుభేలుమనే అంకె ఇది. అయితే బరువు దించిన కొద్ది సెకన్లకే బీపీ దిగిపోతుంది. ఊపిరి బిగబట్టి ఉన్నంతసేపు గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది కాబట్టి, దించిన వెంటనే కొందరికి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి అని శిక్షకులు పదేపదే చెప్పేది ఇందుకే.

పదేపదే పడే ఈ భారం గుండెను మారుస్తుందా? 1975లో పరిశోధకుడు మోర్గన్‌రాత్ బృందం పరుగువీరులు, ఈతగాళ్లలో గుండె ఎడమ జఠరిక గది పెద్దదైనట్టు, కుస్తీ, షాట్‌పుట్ క్రీడాకారుల్లో దాని గోడ మందమైనట్టు గుర్తించింది. తర్వాతి పరిశోధనల్లో ఈ తేడా అంత స్పష్టంగా కనిపించలేదు. అధిక బీపీతోనూ గుండె గోడ మందమవుతుంది, కానీ బీపీ రోగి గుండె రాత్రింబవళ్లు భారం మోస్తుంది, వ్యాయామం చేసేవారి గుండెకు ఆ భారం కొద్ది నిమిషాలే. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. కండల కోసం వాడే స్టెరాయిడ్ల సంగతి మాత్రం వేరు. అవి మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తాయి, గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి.

నెలల తరబడి సాధన చేస్తే విశ్రాంతిలో ఉన్నప్పటి బీపీ కొన్ని పాయింట్లు తగ్గుతుంది. కండరాలు రక్తంలోని చక్కెరను మరింత బాగా వాడుకుంటాయి. కదలకుండా కండరాలను బిగించి ఉంచే వ్యాయామాలతో బీపీ ఇంకా ఎక్కువ తగ్గినట్టు 2013లో వచ్చిన ఒక విశ్లేషణ తేల్చింది. వీటిలో బాగా పరీక్షించినది పిడికిలి సాధన: పూర్తి పట్టులో 30 శాతం బలంతో రెండేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో విశ్రాంతితో, వారానికి మూడు రోజులు. దీనికి జిమ్ కూడా అక్కర్లేదు. భారత్ సహా 17 దేశాల్లో సుమారు 1.4 లక్షల మందిని పరిశీలించిన ‘ప్యూర్’ అధ్యయనం 2015లో మరో సంగతి చెప్పింది. చేతిపట్టు 5 కిలోల మేర తక్కువైన కొద్దీ గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు 17 శాతం ఎక్కువగా కనిపించాయి. పట్టు తగ్గడమే మరణానికి కారణమని దీనర్థం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. అది నడకకు అదనం, బదులు కాదు. బీపీ 180/110 దాటి అదుపులో లేనివారు, విశ్రాంతిలోనూ ఛాతీనొప్పి వచ్చేవారు, బృహద్ధమని కవాటం బాగా ఇరుకైనవారు డాక్టర్ సరేననేవరకు బరువులు ఎత్తకూడదు.