అమ్మేవారు చెప్పవలసిన మాట

మస్కట్‌లో మనలో చాలామందిమి అద్దె యిళ్ళలోనే కాపురాలు పెట్టుకున్నాము. పర్యాటక సముదాయాలలో విదేశీయులు యిల్లు కొనుక్కోవడానికి 2006లో వీలు కలిగినా, సొంత యిల్లు అనగానే మనస్సు హైదరాబాదుకో విజయవాడకో పోతుంది. ఆ యిల్లు అమ్మే రోజూ వస్తుంది. మూసేసి గదిగా మార్చిన బాల్కనీ, ప్లానులో లేని పై అంతస్తు, కొత్త రంగు కింద దాగిన పగులు - యివన్నీ కొనేవారికి చెప్పి తీరాలా?

మనమున్న యీ దేశంలో దీనికి జవాబు చాలా పాతది. ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో 'ఖియార్ అల్ ఐబ్' అనే హక్కు వుంది. తెలంగాణలో మనం వినే 'ఐబు' యీ మాటే. అమ్మకానికి ముందే వుండి, కొన్నవారి కంటపడని లోపం తరువాత బయటపడితే బేరం రద్దు చేసుకోవచ్చు. అమ్మినవారికి ఆ లోపం తెలియకపోయినా సరే. ఒమానులో సమగ్రమైన సివిల్ చట్టం 2013లో గాని రాలేదు. దాని 634వ అధికరణం ప్రకారం భవనం కూలినా, భద్రతకు ముప్పు తెచ్చే లోపం వున్నా కంట్రాక్టరు, ఇంజనీరు పదేళ్ళు బాధ్యులు. 1804 నాటి ఫ్రెంచి కోడులో వున్న సూత్రం 1948 ఈజిప్టు చట్టం మీదుగా యిటు చేరింది.

మన దేశంలో దారి వేరు. కొనేవాడే చూసుకోవాలన్నది ఇంగ్లీషువారి పాత న్యాయం. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను దానిని కొంత సడలించింది. తమకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మేవారు చెప్పాలి. చెప్పకపోతే అది మోసమే. అయితే వేరే ఒప్పందం లేనప్పుడే యీ నియమం. పగులు సంగతి తేలికే. అనుమతి లేని గది దగ్గరే చిక్కు. గది కంటికి కనిపిస్తుంది, అనుమతి లేదన్నది కనిపించదు. మునిసిపాలిటీలో ప్లాను చూసుకోవలసింది కదా అని అమ్మినవారు వాదించవచ్చు. మాకు ఆ వాదన అంతగా రుచించదు. 2007 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్, 2015లో తెలంగాణ అపరాధ రుసుముతో అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసుకోమన్నాయి. మధ్యలో యిల్లు చేతులు మారివుంటే రుసుము భారం కొన్నవారి నెత్తిన పడింది గాని, గోడ లేపినవారి మీద కాదు.

బావమరిదికి పవరాఫ్ అటార్నీ యిచ్చి అమ్మేవారు "మస్కట్‌లో వున్నాము, మాకేమీ తెలియదు" అంటే కుదరదు. 1872 కాంట్రాక్టు చట్టం 229వ సెక్షను ప్రకారం, ఆ పనిలో ఏజెంటుకు తెలిసినది మనకు తెలిసినట్టే లెక్క. ఎప్పుడేమి మార్చామో, దేనికి అనుమతి లేదో ఒక కాగితం మీద రాసి, రిజిస్ట్రేషనుకు ముందే కొనేవారి సంతకం తీసుకోమని ఆయనకు చెప్పండి.