ఆంగ్లేయుల ‘హావ్’ క్రియయు మన లకారములును

ఆంగ్లవ్యాకరణములందలి ‘ప్రెజెంట్ పర్‌ఫెక్టు’ను లిట్టుతో సమానముగాఁ గొందఱు బోధింతురు. పాశ్చాత్యులు లిట్టునకును ‘పర్‌ఫెక్టు’ అనియే పేరిడుట యీ భ్రాంతికి మూలము. చరిత్రమును బరిశీలించిన నిది నిలువదు.

ప్రాచీనాంగ్లమున ‘హావ్’ స్వామ్యార్థకము. ‘వ్రాయఁబడిన లేఖను గలిగియున్నాను’ అను నర్థమున, మన క్తాంతము వంటి రూపము కర్మకు విశేషణమై, కొన్నిచోట్ల దాని లింగవచనవిభక్తుల ననుసరించుచుండెను. క్రమముగా నా యన్వయము సడలి ‘హావ్’ సహాయక్రియ యయ్యెను. ‘వచ్చు’ మొదలగు గమనార్థకములకు మాత్రము ‘బీ’ ధాతువే చిరకాలము నిలిచెను. 1611 నాఁటి బైబిలనువాదమున ‘ఈజ్ కమ్’ అను ప్రయోగములు గలవు. 19వ శతాబ్దమునకు వీనియందును ‘హావ్’ వ్యాపించెను.

సహాయక్రియ వర్తమానమే గావున ఫలము నేఁటికిఁ జెందవలెను. భోజనమునకుఁ బిలిచినపుడు ‘ఐ హావ్ ఈటెన్’ అనఁగా ‘భుజించితిని, ఇపు డక్కఱలేదు’ అని భావము. దీనికి ‘నిన్న’ అను పదమును జేర్పరాదు. లిట్టన్ననో పరోక్షానద్యతనభూతమునకుఁ బాణిని విధించినది. ఇప్పుడే జరిగినదానిని జెప్పుటకు బ్రాహ్మణగ్రంథములందు లుఙ్ ప్రయోగింపఁబడెను. కావున నర్థమునఁ బోలిక లుఙ్‌తోనే గాని లిట్టుతోఁ గాదు. ‘వచ్చియున్నాఁడు’ అను మన తెలుఁగు పలుకుబడియు బాలుర కీ భావమును సులభముగా బోధింపఁగలదు.