మంత్రగాడి లెక్క, కమ్మరి లెక్క

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు. ఆ దారిలోనే ఓ అద్దె గదిలో ఆదివారం మధ్యాహ్నాలు మేం అయిదుగురం కూర్చుని కత్తులు చేస్తుంటాం. కాగితం మీదే లెండి. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్లు చెడిపోకుండా 1996లో తెచ్చిన 111 జీవో 84 ఊళ్లను కట్టడి చేసింది. పొగ, మురుగు వదిలే ఫ్యాక్టరీకి ఈ చుట్టుపక్కల చోటు లేకుండా చేసింది. మా కార్ఖానాకు మాత్రం ఇరవై ముఖాల పాచిక, పెన్సిలు, ఫ్లాస్కులో చాయ్ చాలు.

ఆమధ్య ఒక తగాదా వచ్చింది. మా 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో ఒకడు కమ్మరి పాత్ర ఆడుతున్నాడు. "నా కత్తి నేనే చేసుకుంట అన్నా. నడుమ మంత్రగాడెందుకు?" అన్నాడు. ఆట నడిపించే డంజన్ మాస్టర్ని నేనే కాబట్టి పుస్తకం తిరగేశాను. అందులో జవాబు లేదు. పాత ఎడిషన్లు తీశాను. యాభై ఏళ్లు వెనక్కి పోయాక గానీ వాడి ప్రశ్న ఎంత పాతదో తెలిసిరాలేదు.

1974 జనవరిలో అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చారు. తొలి విడత వెయ్యి పెట్టెలు, పెట్టెకు మూడు చిన్న పుస్తకాలు. అందులో మాయా కత్తులకు తెలివి ఉంది, పంతం ఉంది. పట్టినవాడు మెతకైతే కత్తే వాణ్ని నడిపిస్తుంది. తయారీ సంగతికొస్తే ఒక చిన్న పట్టీతో సరిపెట్టారు. ఇరవై బాణాలకు మంత్రం ఎక్కించాలంటే 1,000 బంగారు నాణేలు, 4 వారాలు. కవచాన్ని ఒక మెట్టు పెంచాలంటే 2,000 నాణేలు, 2 నెలలు. గోడల అవతల ఏముందో చూపించే ఉంగరానికి 50,000 నాణేలు, ఏడాది. చేసేవాడు ఆరితేరిన మంత్రగాడై ఉండాలి. ఆ పట్టీలో కత్తి లేనే లేదు. కమ్మరి ఊసు అసలే లేదు.

1979లో గైగాక్స్ రాసిన డంజన్ మాస్టర్ గైడు పని ఇంకా కష్టం చేసింది. ఎక్కించిన మంత్రం శాశ్వతంగా నిలవాలంటే మంత్రగాడి ఒంటి సత్తువలో ఒక పాయింటు పోయే ప్రమాదం పెట్టింది. ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఆటగాళ్లు సాహసాలు మానేసి కత్తుల దుకాణం తెరుస్తారు మరి!

2000లో వచ్చిన మూడో ఎడిషన్‌ది పక్కా గుమాస్తా బుర్ర. ప్లస్ ఒకటి, అంటే ఒక మెట్టు మాయ ఎక్కించిన కత్తి ధర 2,000, ప్లస్ రెండు 8,000, ప్లస్ మూడు 18,000. వర్గం చేసి రెండు వేలతో గుణించాలన్నమాట. ధరలో సగం సరుకుకు, ఇరవై అయిదో వంతు మంత్రగాడి అనుభవం పాయింట్లలోంచి కోత, వెయ్యికి ఒక రోజు పని. అంటే ప్లస్ ఒకటి కత్తికి 1,000 నాణేలు, 80 పాయింట్లు, 2 రోజులు. అయితే మంత్రం పట్టాలంటే ముందు మేలు రకం కత్తి చేతిలో ఉండాలి. ఆ మేలుతనానికి కట్టిన ధర 300 నాణేలు. కమ్మరికి దక్కిన వాటా అంతే.

2003 సవరణలో ప్రత్యేక లోహాల జాబితా ఉంది. ఉల్కల్లో దొరికే ఆడమంటైన్, టోల్కీన్ కథల నుంచి వచ్చిన మిత్రల్, పాతాళంలో తవ్వే కోల్డ్ ఐరన్. ఉక్కు మాత్రం అక్కడ మామూలు సరుకు! తెలంగాణవాడిగా అక్కడ నాకు కాస్త చురుక్కుమంది.

2008లో నాలుగో ఎడిషన్ మొత్తం తంతును ఒక గంటకు కుదించింది. చేవెళ్లలో పంక్చర్ వేయించుకుని, చాయ్ తాగి వచ్చేసరికి మాయా కత్తి తయారన్నమాట. ఆ మరుసటి ఏడాది వచ్చిన పాత్‌ఫైండర్ అనే పోటీ ఆట అనుభవం పాయింట్ల కోతను ఎత్తేసింది. 2014లో అయిదో ఎడిషన్‌తో లోలకం అటు కొసకు పోయింది. రోజుకు 25 నాణేల పనే లెక్క. పురాణ స్థాయి ఆయుధానికి 5,00,000 నాణేలు. ఒంటరిగా చేస్తే 20,000 రోజులు, దాదాపు 55 ఏళ్లు. తాత మొదలుపెడితే మనవడు పిడి బిగించాలి. 2017లో దాన్నే 50 పని వారాలకు, 1,00,000 నాణేలకు దించి, తయారీ సూత్రం సంపాదించాలనీ, ఏదో జీవి కాపలా కాసే దినుసు తేవాలనీ అన్నారు. నా దృష్టిలో అన్నిటికంటే తెలివైన నియమం అదే. ఎందుకంటే అసలు కథ అలాగే జరిగింది, మన దగ్గరే.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండేవారు. 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లీషువాళ్ల నోట 'వూట్జ్' అయిందంటారు. 1820ల ప్రాంతంలో అక్కడికి వచ్చిన సర్వే డాక్టరు హెన్రీ వాయిజీ ఆ పద్ధతి రాసిపెట్టాడు. ఆయన మిర్ట్‌పల్లి అని రాసుకున్న ఊరి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు. మట్టి మూసలో పెట్టి, తిత్తులు ఆపకుండా 24 గంటలు ఊదాలి. చల్లారాక వచ్చే ముద్ద పెళుసుగా ఉంటుంది. దానికి మట్టి పూసి మళ్లీ కొలిమిలో 12 నుంచి 16 గంటలు. సుత్తె దెబ్బకు లొంగేదాకా అలా మళ్లీ మళ్లీ. ఆ ముద్దల కోసం ఇస్‌ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. నీటి అలల్లాంటి చారలున్న డమాస్కస్ కత్తులు ఇలాంటి ఉక్కుతోనే అయ్యేవి.

1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో ఈ ఉక్కు మీద వ్యాసం చదివాడు. తర్వాత ఫారడే అంతటివాడు దాని గుట్టు పట్టాలని చూశాడు. ముద్ద చేతికొచ్చినా యూరప్ కమ్మరులకు అది లొంగలేదు. తమ అలవాటు చొప్పున తెల్లగా కాల్చి కొడితే ముక్కలయ్యేది. ఏ ఎరుపులో కొట్టాలో కంటికి తెలియాలి. ఆ కన్ను ఓడకెక్కి లండన్ పోలేదు. కొన్ని ఖనిజాల్లో లేశమాత్రంగా ఉండే వనేడియం లాంటి మూలకాలు చారలకు కారణమని వెర్హోవెన్, పెండ్రే అనే అమెరికన్లు తేల్చేసరికి 1990లు వచ్చాయి.

ఆ కన్ను చూడాలంటే మాకు దూరం పోనక్కర్లేదు. మొయినాబాద్ దగ్గర రోడ్డు పక్క కొలిమి ఒకటుంది. తిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది, దాగలి పాతదే. పెద్దాయన గొడ్డలిని పటుకారుతో తీసి, నీళ్లలో అంచు మాత్రం ముంచి, పైకెత్తి, అంచు మీద పాకే రంగును చూస్తూ ఆగాడు. గడ్డిపోచ రంగు రాగానే మొత్తం ముంచాడు. ఎన్ని సెకన్లని అడిగితే నవ్వి, "లెక్క కాదు బిడ్డా, సూసుడే" అన్నాడు.

అందుకే మా బల్ల మీద నియమం మార్చాను. మంత్రగాడు అక్కర్లేదు. రెండు ఊళ్ల ఇనుము మూడుకు రెండు పాళ్లలో తేవాలి, మూస దగ్గర ఒక పగలూ ఒక రాత్రీ తిత్తి ఆగకూడదు, రంగు చూడటానికి ఒక్కసారే పాచిక. మావాడు మూడు ఆదివారాలు తిరిగి ఇనుము సంపాదించాడు. పోయినవారం పాచిక వేస్తే ఒకటి పడింది, ముద్ద పగిలింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వాడు కాగితం ముందుకు లాక్కుని, కొండాపూర్‌కు మళ్లీ ఎన్ని రోజుల ప్రయాణమని అడిగాడు.