ఎవరి ఓటు, ఎవరి లెక్క?

ముషాయిరాలో షేర్ చదివి దాద్ కోసం చెవులు రిక్కించే అలవాటున్నవాళ్ళం మేం. సభ వాహ్వా అంటే శాయర్ గెలిచినట్టే. కానీ ముందు వరసల్లో తన మనుషుల్ని కూర్చోబెట్టుకునే శాయర్నీ మేం ఎరుగుదుం. అందుకే పాఠకుల ఓటుతో ఇచ్చే బహుమతి అంటే మాకు సంబరం, అనుమానం రెండూ కలుగుతాయి.

అలాంటి వాటిలో పాతదీ, పేరున్నదీ హ్యూగో. 1953లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మొదలైంది. ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభకి చందా కట్టిన పాఠకులే పేర్లు సూచిస్తారు, తర్వాత వాళ్ళే ఓటేస్తారు. పండితుల కమిటీ లేదు. వినడానికి ఎంత బాగుంది!

తిరకాసు మొదటి మెట్టులోనే ఉంది. ఎవరికి నచ్చింది వాళ్ళు రాస్తే ఓట్లు చెల్లాచెదురవుతాయి. ఒకే జాబితా పట్టుకుని కొన్ని వందలమంది వస్తే పోటీలో చోట్లన్నీ వాళ్ళవే. 2015లో 'శాడ్ పప్పీస్', 'రాబిడ్ పప్పీస్' అనే రెండు గుంపులు చేసిందిదే. జనం మెచ్చే సాహస కథల్ని నెట్టేసి, రచయితల రంగూ జాతీ చూసి బహుమతులిస్తున్నారని వాళ్ళ ఆరోపణ. ఈ మాట మాకు కొత్తా? మా కథ అచ్చయితే 'ముస్లిం కోటా' అన్నవాళ్ళు లేరా?

మిగతా పాఠకులు ఊరుకోలేదు. దాదాపు ఆరు వేలమంది ఓటేసి, అయిదు విభాగాల్లో బహుమతి ఎవరికీ వద్దన్నారు. జాబితా వల్ల చోటు దొరికిన మార్కో క్లూస్ తప్పుకుంటే, ఆ ఖాళీలోకి వచ్చిన చైనా రచయిత ల్యూ సిషిన్ నవల గెలిచింది. అనువాద నవలకి ఆ బహుమతి రావడం అదే మొదలు. 2016 నుంచి వరసగా మూడేళ్ళు నల్లజాతి రచయిత్రి ఎన్.కె. జెమిసిన్ గెలిచింది. అయినా ఆ అయిదు విభాగాల్లో జాబితా తోసేసిన మంచి రచనలకి దక్కిందేమిటి? ఏమీ లేదు.

2017 నుంచి లెక్క మార్చారు. ఒకరు అయిదు పేర్లు రాస్తే ఆ మనిషి ఒక్క పాయింటు అయిదు ముక్కలవుతుంది. వెనకబడ్డ పేరు తొలగితే దాని ముక్క మిగతావాటికి చేరుతుంది. గుంపుకి తన వాటా దొరుకుతుంది, పళ్ళెమంతా దొరకదు.

లెక్క బాగుంటే చాలదు, లెక్కపెట్టే చెయ్యి కనబడాలి. 2023లో చైనాలోని చెంగ్డూ సభలో ఆర్.ఎఫ్. కువాంగ్ నవల 'బాబెల్'ని కారణం చెప్పకుండా అనర్హమన్నారు. 2024 జనవరిలో అంకెలు బయటికొచ్చాకే లోకానికి తెలిసింది. అదే ఏడాది గ్లాస్గో నిర్వాహకులు మాత్రం 377 ఓట్లు చెల్లవని ఫలితాలకి ముందే బాహాటంగా చెప్పి కొట్టేశారు.

ఓటు వద్దని మేం అనం. కమిటీలు మమ్మల్ని ఎంత చదివాయో మాకు తెలుసు. ఎక్కువమంది మెచ్చింది గెలవనీ, మాకు కడుపుమంట లేదు. కానీ కొద్దిమందిమి మెచ్చింది పోటీ దాకా రావాలి, లెక్క అందరి ముందూ జరగాలి. మేం అడిగేది ఇంతే.